పోటు చెప్పిన పెట్టె

కిందటి నెల లంబాలైన్‌లో మా తమ్ముడి ఇంటికి వెళ్ళేసరికి ఇల్లంతా రంగుల వాసన. సామాను నడిమధ్య కుప్ప పోసి పాత దుప్పట్లు కప్పారు. ఎయిర్‌పోర్టు పక్కనే ఇల్లు కాబట్టి, అక్కడ మాట్లాడుకునేవాళ్ళు విమానం వచ్చినప్పుడల్లా తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయి, అది దిగాక మిగతా సగం మాట పూర్తి చేస్తారు. అలా ఒక విమానం దిగి మోత తగ్గేసరికి, రంగులు వేసే మనిషి అటక మీదనుంచి ఒక బరువైన పెట్టెను గుండెకు ఆనించుకుని నిచ్చెన దిగుతున్నాడు. "దీదీ, యే క్యా హై? టీవీ హై క్యా?" అన్నాడు. కప్పి ఉన్న పాత చీరముక్క తీశాను. కర్పూరం, కుంకుమ, కాలిన దుమ్ము కలిసిన ఒక వాసన గుప్పుమంది. తల నెరిసిన మనిషిని, పంతులమ్మను, పదిమంది ముందు హుందాగా ఉండాల్సినదాన్ని. అయినా చిన్నపిల్లలా చప్పట్లు కొట్టేశాను. "అరే భయ్యా, మెల్లగా! టీవీ కాదు, కంప్యూటర్! మా నాన్నది!" అన్నాను. అతను పెట్టెను చూసి, నన్ను చూసి, దాన్ని కాస్త మర్యాదగానే కింద పెట్టాడు గానీ నా మాట నమ్మలేదు.

నమ్మకపోవడంలో తప్పులేదు. అది కంప్యూటర్‌లా ఉండదు. ఒకప్పుడు మీగడ రంగు, ఇప్పుడు మరిగిన టీ రంగు. అరచేతులు రెండూ కలిపి పెడితే కనపడకుండా పోయేంత తెర. ఆ పక్కన డిస్కులు దూర్చడానికి ఒకదాని కింద ఒకటి రెండు నోళ్ళు. మెలికల తీగతో వేలాడే కీబోర్డు. మౌస్ లేదు, బొమ్మలు లేవు, లోపల ఏదీ దాచుకునే జాగా లేదు. మీట నొక్కగానే అది ఎవరో, ఏమిటో దానికే తెలియదు. డిస్కు ఒకటి నోట్లో పెడితే, అందులోంచి సీపీఎం అనే వ్యవస్థను కరకరా చదువుకుని, అప్పుడు తెలివి తెచ్చుకుని, ఆకుపచ్చ రంగులో ఏ అనే అక్షరమూ, దాని పక్కన చిన్న బాణం ములుకూ చూపించి ఊరుకుంటుంది. ఇక నువ్వే చెప్పాలి ఏం కావాలో. అది అడగదు, సలహా ఇవ్వదు, బతిమాలదు. దాని జ్ఞాపకశక్తి మొత్తం కలిపినా ఈ రోజు నా ఫోనులో ఒక్క ఫొటో పట్టదు. అలాంటి పెట్టె మా కుటుంబం ఈ దీవుల్లో ఉండాలా, ఓడెక్కి పోవాలా అనే తగువు తీర్చిందంటే రంగులాయన ఎలా నమ్ముతాడు? మీకైనా మొదటినుంచీ చెప్పాలి.

మా నాన్న హాడోలో, జెట్టీలు కట్టే ఒక కంట్రాక్టు కంపెనీ ఆఫీసులో పనిచేసేవాడు. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. బిల్లులు చేయడానికని వాళ్ళు మద్రాసునుంచి ఓడలో ఈ పెట్టెను తెప్పించారు. దానికొక గది, ఆ గదికొక ఏసీ. ఊరంతా చెమటలు కక్కుతుంటే యంత్రానికి చలిగాలి. స్కూలు అయిపోగానే నేను బస్సు దిగి నేరుగా ఆఫీసుకి పోయేదాన్ని, ఆ చల్లదనం కోసం సగం, ఆ చప్పుడు కోసం సగం. డిస్కు తిరిగేటప్పుడు గుర్‌ర్ అని మొదలై, మధ్యలో టకటకమని తల కొట్టుకుని, మళ్ళీ గుర్‌ర్ అని సర్దుకునేది. నాన్న దగ్గర దానికి దేవాలయమంత ఆచారం ఉండేది. చెప్పులు బయట. చేతులు కడిగి, తుడుచుకుని రావాలి. డిస్కును అంచున పట్టుకోవాలి, మధ్యలో ఉన్న కిటికీ మీద వేలు పెడితే వీపు మీద ఒకటి పడుతుంది. డిస్కు మార్చినప్పుడల్లా కంట్రోల్ పట్టుకుని సీ నొక్కాలి, లేకపోతే దానికి మనిషి మారిన సంగతి తెలియదు. "కొత్త కోడల్ని తెచ్చినప్పుడు అత్తగారికి చెప్పొద్దేటే? అదీ అంతే," అనేవాడు. నాకు లెక్కల్లో ఎక్కాలు రాకముందే ఈ ఆచారం మొత్తం వచ్చేసింది.

జెట్టీ పనిలో ఉండే చిక్కు సముద్రంతో. స్తంభాల తలమీద కాంక్రీటు పోయాలంటే నీళ్ళు బాగా పాటు మీద, అంటే వెనక్కి తీసి ఉండాలి. పోటు వచ్చేసిందంటే పోసిన సిమెంటు చేపలపాలే. జాలర్లు చంద్రుణ్ణి చూసి పోటు వేళ చెప్పేస్తారు. కానీ వచ్చే నెల ఫలానా రోజున నీళ్ళు ఎంత ఎత్తుకి లేస్తాయి, ఎంత లోతుకి దిగుతాయి అంటే వాళ్ళు కూడా తల గోక్కుంటారు. దానికి ప్రతి సంవత్సరం అచ్చువేసిన పట్టికల పుస్తకం ఒకటి వస్తుంది. అది ఓడమీద రావాలి, ఓడ ఎప్పుడొస్తుందో ఓడకే తెలియదు. నాన్నకి ఒళ్ళు మండి, సర్వే వాళ్ళను పట్టుకుని, చంద్రుడు ఎంత లాగుతాడు, సూర్యుడు ఎంత లాగుతాడు అనే అంకెలు సంపాదించి, బేసిక్ భాషలో సొంతంగా ఒక ప్రోగ్రామ్ రాసేశాడు. బిల్లులు చేసే పెట్టె పోటు చెప్పడం మొదలుపెట్టింది! తారీఖు, నెల, సంవత్సరం కొడితే, కాసేపు కళ్ళు మూసుకుని ధ్యానం చేసినట్టు ఉండి, ఆ రోజు వారం, పోటు ఎన్నింటికి, ఎంత ఎత్తు, పాటు ఎన్నింటికి, ఎంత లోతు, అన్నీ చెప్పేది. ప్రోగ్రామ్ పేరు కూడా పోటు. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ మాట మెరుస్తుంటే మా నాన్న మొహం చూడాలి. కొడుకు పుట్టినప్పుడు కూడా అంత సంబరపడలేదని మా పెద్దమ్మ అనేది.

తరవాత కొత్త కంప్యూటర్లు వచ్చాయి, కంపెనీ ఈ పెట్టెను పారేస్తామంది, నాన్న జీపులో వేసుకుని జంగ్లీఘాట్‌లో మా ఇంటికి తెచ్చేశాడు. ఇంట్లో దానికి పని ఏముంది? అటకెక్కింది. కానీ ఏటా దసరాకి ఆయుధపూజ రోజున మాత్రం కిందికి దిగేది. నాన్న తుడిచి, తీగలు పెట్టి, డిస్కు వేసి నడిపించేవాడు. ఆకుపచ్చ అక్షరాలు రాగానే అమ్మ హారతి ఇచ్చి, బొట్టు పెట్టి, నిమ్మకాయ తిప్పేది. పక్కింటి ఫిలిప్ భయ్యా పడవ ఇంజన్లు బాగుచేస్తాడు, తన స్పానర్లు కూడా తెచ్చి ఆ పూజలోనే పెట్టేవాడు. ఏడాదికి ఒక్కసారైనా కరెంటు పారడం వల్లే ఆ పెట్టె లోపలి భాగాలు చచ్చిపోకుండా ఉన్నాయని చాలా ఏళ్ళ తరవాత ఒక మెకానిక్ నాకు చెప్పాడు. మేము భక్తి అనుకున్నది దానికి వైద్యం అయింది.

ఇక సునామీ వచ్చిన ఆ ఆదివారం. మొదట నేల ఊగింది. అందరం వీధిలోకి పరుగెత్తి, కాస్త తగ్గాక నవ్వుకుంటూ మళ్ళీ లోపలికి వచ్చాం. అమ్మ పప్పు రుబ్బుతోంది. తరవాత నీళ్ళు వచ్చాయి. వంటింట్లో అమ్మను నడుముదాకా ఎత్తి గోడకేసి కొట్టాయి. నాన్న జుట్టు పట్టుకుని బయటికి లాగాడు. అంతకంటే వివరంగా నేను ఎప్పుడూ రాయలేదు, ఇప్పుడూ రాయను. మా వీధిలో అందరం బతికాం. నికోబార్ వైపు పనికి వెళ్ళినవాళ్ళు అందరూ తిరిగి రాలేదు. సాయంత్రానికి మేము ప్రోతరాపూర్‌లో మా పెద్దమ్మ ఇంటికి చేరాం. అది మెరక, సముద్రం కనిపించదు. అమ్మకి కావలసింది అదే.

దీవి మొత్తం కిందికి కుంగిందని తరవాత తెలిసింది. అలలు పోయినా నీళ్ళు పాత గట్టు దగ్గర ఆగడం మానేశాయి. సిప్పీఘాట్ వైపు వరిపొలాలు చెరువులైపోయాయి. జంగ్లీఘాట్‌లో పున్నమికీ అమావాస్యకీ పోటు పెరిగితే, ఎన్నడూ తడవని రోడ్డు మీద చేపపిల్లలు ఈదేవి. ఇక ఆ ఊళ్ళో కాపురాలు సాగవని అందరూ అన్నారు. కాకినాడ దగ్గర మా మావయ్య ఉన్నాడు. అమ్మ ఎవరికీ చెప్పకుండా వెళ్ళి, విశాఖపట్నం పోయే ఓడకి మా నలుగురి పేర్లూ రాయించి వచ్చింది. ఓడ అమావాస్య దాటాక బయల్దేరుతుంది. నాన్న ఈ దీవిలో పుట్టినవాడు. నేనూ, తమ్ముడూ అంతే. అప్పుడే నాకు స్కూల్లో ఉద్యోగం వచ్చింది. కాకినాడ అంటే నాకు చిన్నప్పుడు చూసిన ఒక పెళ్ళి, ఒక వడదెబ్బ. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, అమ్మ మొహం చూసి రెండూ మింగాను. ఆవిడ రాత్రిళ్ళు పడుకోవడం మానేసి గోడకి ఆనుకుని కూర్చునేది.

"అక్కడికెళ్ళి ఏం చేస్తామే? నాకు అక్కడ ఎవడు తెల్సు?" అని నాన్న అరిచాడు ఒకరోజు అన్నాల దగ్గర.

"ఇక్కడుండి ఏం చేస్తారండీ? మళ్ళీ నీళ్ళు ఇంట్లోకొస్తే?" అంది అమ్మ.

"రావు."

"రావని ఎవరు చెప్పారు మీకు? సముద్రం మీకు ఫోన్ చేసిందా? ఎవరో ఒకరు లెక్కగట్టి చెప్పమనండి. అప్పుడు ఆలోచిస్తాను."

నాన్న చెయ్యి కంచంలో ఆగిపోయింది. నేను ఆయన వైపు చూశాను. ఇద్దరికీ ఒకేసారి వెలిగింది. కొత్త సంవత్సరం పట్టికల పుస్తకం ఇంకా దీవులకి రాలేదు. ఓడల్లో బియ్యం, గుడారాలు, మందులు వస్తున్నాయి గానీ పుస్తకాలెవరు తెస్తారు? ఆఫీసులో కొత్త కంప్యూటర్ ఉప్పునీళ్ళు తాగి చచ్చిపోయింది. కానీ అటక మీదికి నీళ్ళు ఎక్కలేదు. "పెట్టె!" అన్నాం ఇద్దరం. చేతులైనా కడుక్కోకుండా నాన్న బయటికి నడిచాడు.

జీపులో దాన్ని ప్రోతరాపూర్ తెచ్చేదాకా నేను ఒళ్ళోంచి దింపలేదు. "ఊరంతా బియ్యం మూటలు తెచ్చుకుంటన్నారు, మీరు ఈ గుదిబండ తెచ్చుకున్నారేటి?" అంది పెద్దమ్మ. డిస్కుల పెట్టె మంచం కింద ఉండి మొత్తం బురదైపోయింది. పనికొచ్చేది మిగిలింది ఒక్కటే. సీపీఎం, పోటు ప్రోగ్రామ్ రెండూ ఉన్న అసలు డిస్కు. అమ్మ దాన్ని దసరా తరవాత మంచం కింద పెట్టకుండా దేవుడి గూట్లో పై అరలో పెట్టింది. నాన్న కళ్ళకద్దుకుని కాగితం కవరులోంచి డిస్కును బయటికి లాగాడు. లాగి, అలాగే నిలబడిపోయాడు.

డిస్కు మీద నల్లటి అట్ట తొడుగు ఉంటుంది. దాని మధ్యలో పొడుగ్గా చిన్న కిటికీ. ఆ కిటికీలోంచే యంత్రం లోపలి పలచటి పొరను చదువుతుంది. చిన్నప్పుడు వేలు పెడితే నా వీపు పగిలింది ఆ కిటికీ దగ్గరే. సరిగ్గా అక్కడ, ఆ పొర మీద, పసుపు తడిపి పెట్టి, దానిమీద దిట్టంగా అద్దిన కుంకుమ బొట్టు. ఎండి, పెచ్చు కట్టి ఉంది.

"ఏమే! ఇక్కడ పెట్టావేటే బొట్టు!" నాన్న గొంతు కీచుమంది.

"అట్ట మీద నిలవట్లేదండీ, జారిపోతోంది," అంది అమ్మ అమాయకంగా. "అక్కడైతే లోపల అసలుది కనపడుతోంది కదా అని. విగ్రహానికి పెడతాంగానీ గుడి గోడకి పెడతామేటి?"

నాకు నవ్వు ఆగలేదు. నాన్నకి ఏడవాలో నవ్వాలో తెలియక పెద్దమ్మ పెరట్లో నాలుగు చుట్లు తిరిగాడు. ఆ డిస్కును కాపాడింది అమ్మ భక్తే, పాడు చేసిందీ అమ్మ భక్తే, ఇక ఎవర్ని తిడతారు? తిరిగి వచ్చి, "కడుగుదాం," అన్నాడు. దేన్ని తాకకూడదని నన్ను కొట్టాడో దాన్ని బ్లేడుతో తొడుగు కోసి బయటికి తీశాడు. ఊదారంగు అప్పడంలా వేలాడింది. బ్యాటరీలో పోసే శుభ్రమైన నీళ్ళు ఫిలిప్ భయ్యా దగ్గర తెచ్చాం. ఒక చుక్క షాంపూ వేసి, పెద్దమ్మ పట్టుచీర చుట్టే మెత్తటి గుడ్డతో నేను కడిగాను, నా చేతులు సన్నవని. ఊపిరి బిగబట్టి, గోరు తగలకుండా, గుండ్రంగా కాదు, మధ్యనుంచి అంచుకి. కుంకుమ కరిగిపోయింది. పసుపు మరక మాత్రం లేతగా మిగిలింది. నీడలో ఆరబెట్టి, కంపెనీ పాత బిల్లుల డిస్కు ఒకటి జంగ్లీఘాట్ ఇంటి అటక మీద పొడిగా దొరికితే, దాని తొడుగు కోసి, అందులోకి దీన్ని దూర్చాం. బిల్లులన్నీ చెత్తబుట్టలోకి పోయాయి.

మర్నాడు పొద్దున కరెంటు నిలకడగా ఉన్నప్పుడు మీట నొక్కాడు. గుర్‌ర్. టక టక టక. ఆగింది. మళ్ళీ టక టక. ఇంట్లో ఎవరూ కదలడం లేదు. అమ్మ కూడా వంటింటి గుమ్మంలో, అటు తిరిగి నిలబడి వింటోంది. తెర మీద బీడాస్ ఎర్రర్, బ్యాడ్ సెక్టార్ అని వచ్చింది. డిస్కులో ఆ ముక్క నాకు చదవడం రావట్లేదు అని యంత్రం చెప్పే మాట అది. నాన్న నుదుటిమీద చెమట తుడుచుకుని, పట్టించుకోకు, ముందుకు పో అన్నట్టు రిటర్న్ నొక్కాడు. టక టక. గుర్‌ర్‌ర్. ఏ! పక్కన బాణం ములుకు! ఆకుపచ్చగా! నేను అరిచిన అరుపుకి పెద్దమ్మ పెంచుకునే కోళ్ళు గూడు దాటిపోయాయి. ప్రోగ్రామ్ కూడా వచ్చింది. పసుపు మరక మింగేసింది మొదటి రెండు వరుసలే, అంటే దీన్ని రాసినవాడు ఫలానా అని నాన్న తన పేరు వేసుకున్న వరుసలు. "పోనీలే, పేరు పోతే పోయింది," అన్నాడు గానీ ఆ రోజంతా నాలుగైదుసార్లు గుర్తు చేసుకున్నాడు.

ముందు ఆ రోజు పోటే అడిగాం. సాయంత్రానికి నిండు పోటు అంది. నేను కాగితం మీద రాసుకున్నాను. సరిచూద్దామని ఇద్దరం బస్సెక్కి హాడో పోయి జెట్టీ చివర నిలబడ్డాం. పెట్టె చెప్పిన వేళకి సముద్రం చల్లగా వెనక్కి పోతోంది. స్తంభాల కింద బురద బయటపడుతోంది. నాన్న మొహం నల్లగా మాడిపోయింది. "అది కూడా నాలాగే ముసలిదైపోయింది," అన్నాడు. తిరుగు బస్సులో ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నేను ఆ కాగితం ముక్కనే చూస్తున్నాను. శనివారం అని ఉంది. యంత్రం చెప్పిందే రాశాను.

"నాన్నా, ఈ రోజు శుక్రవారం కదా?"

"అయితే ఏటి?"

"పెట్టె శనివారం అంది. ఒక్క రోజు తప్పు చెప్పింది. సంవత్సరం కింద ఏం కొట్టాం మనం?"

"సున్నా అయిదు. చివరి రెండంకెలే కదా అడుగుతుంది. దానికి ముందు పంతొమ్మిది అదే కలుపు..." ఆ మాట నోట్లో ఉండగానే లేచి నిలబడి బస్సు పైకమ్మీ పట్టుకుని అరిచాడు. "పంతొమ్మిది వందల అయిదు!"

డ్రైవరు బ్రేకు వేశాడు. "క్యా హువా అంకుల్?" అని కండక్టరు పరిగెత్తుకొచ్చాడు.

"సౌ సాల్ పీఛే చలా గయా భాయ్! సౌ సాల్!" అని నాన్న కండక్టర్ని వాటేసుకున్నాడు. బస్సులో ఉన్నవాళ్ళు మమ్మల్ని జాలిగా చూశారు. ఆ నెలలో దీవుల్లో మతి చెదిరినవాళ్ళు చాలామందే ఉన్నారు, మమ్మల్నీ ఆ జాబితాలో వేసుకుని ఉంటారు. పెట్టె తప్పు చెప్పలేదు! అడిగిన రోజుకే, నూరేళ్ళ కిందటి పోటు నిక్కచ్చిగా చెప్పింది! నూతన శతాబ్దం వచ్చాక ప్రతి దసరాకీ అది అలాగే చెబుతోంది కాబోలు. హారతి మధ్యలో పోటు సంగతి ఎవరు చూశారు? ఇల్లు చేరగానే నాన్న ఆ ఒక్క వరుసలో పంతొమ్మిది తీసి ఇరవై కొట్టాడు. మర్నాడు చెప్పిన నిమిషానికి కాస్త అటూఇటూగా పోటు వచ్చింది. వేళ కుదిరింది.

ఎత్తు మాత్రం కుదరలేదు, కుదరదని మాకు ముందే తెలుసు. నేల కుంగిందని పెట్టెకెవరు చెప్పారు? జెట్టీ స్తంభం మీద నీటి ఎత్తుకి వేసిన గుర్తులుంటాయి. కొన్నాళ్ళపాటు రోజూ వెళ్ళి, పెట్టె చెప్పిన ఎత్తుకీ, నీళ్ళు నిజంగా ఎక్కిన ఎత్తుకీ తేడా రాసుకున్నాం. ప్రతిసారీ గజానికి దగ్గరగా అదే తేడా. మా దీవి ఎంత మునిగిందో మేమిద్దరం బస్సు టికెట్టుతో కనిపెట్టేశామని నాకు ఒళ్ళు పొంగిపోయింది. తరవాత లెవెల్ పైపు. మేస్త్రీలు వాడే పొడవాటి పారదర్శకమైన గొట్టం, అందులో నీళ్ళు పోస్తే రెండు కొసలా ఒకే మట్టానికి నిలబడతాయి. ఒక కొస నాన్న, ఒక కొస ఫిలిప్ భయ్యా పట్టుకుని, మా వీధి చివర సముద్రపు నీళ్ళు ఎక్కే వాగు గట్టునుంచి ఇటుక ఇటుకకీ మట్టం మోసుకుంటూ మా ఇంటి మెట్లదాకా వచ్చారు. "రుకో రుకో, పానీ అభీ హిల్ రహా హై," అని ఫిలిప్ భయ్యా, "చెయ్యి నీదే వణుకుతోంది, నీళ్ళు కాదు," అని నాన్న. చివరికి గడప మట్టం దొరికింది. వచ్చే నెలల్లోకెల్లా పెద్ద పోటు ఏదో పెట్టెను అడిగాం. అమావాస్య రోజు, పొద్దున పది గంటల ప్రాంతం. గడపకి బెత్తెడు కిందిదాకా వచ్చి నీళ్ళు ఆగుతాయి.

ఆ మాట నాన్న అమ్మకి చెప్పినప్పుడు ఆయన గొంతులో సుప్రీంకోర్టు తీర్పంత ధీమా. అమ్మ ఏ అమావాస్య అని అడిగి, వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "చొల్లంగి అమావాస్య," అంది. కాకినాడ వైపు వాళ్ళకి అది సముద్రస్నానం చేసే రోజు. పెళ్ళయి ఈ దీవికి వచ్చినా అమ్మ ఏ ఏడూ ఆ స్నానం మానలేదు. "నేను వచ్చి చూస్తాను," అంది. "నీళ్ళు గడప దాటాయంటే ఓడెక్కుతాం. మళ్ళీ నోరెత్తకూడదు మీరు." నాన్న ఒప్పుకున్నాడు. నేనూ ఒప్పుకున్నాను, ఎందుకంటే నాకు ఆ పెట్టె మీద నాన్నకంటే ఎక్కువ నమ్మకం.

ఆ పొద్దున అమ్మ జంగ్లీఘాట్ రావడమే గొప్ప. బస్సు దిగి వీధిలోకి తిరిగాక నా చెయ్యి నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది. ఇంటి ముందు వీధి వీధంతా చేరి ఉంది. నీళ్ళు వాగులోంచి మెల్లగా రోడ్డెక్కాయి. పరుగు లేదు, చప్పుడు లేదు. కింది మెట్టు తడిసింది. రెండోది. అమ్మ గడప లోపలివైపు నిలబడింది. నాన్న చేతి గడియారం, నీళ్ళు, మళ్ళీ గడియారం చూస్తున్నాడు. పై మెట్టు మునిగింది. "బస్, అబ్ రుకేగా," అన్నాడు ఫిలిప్ భయ్యా, ఇక ఆగిపోతాయని. పదయింది. నీళ్ళు బెత్తెడు కింద ఆగలేదు. సముద్రం మీదనుంచి గాలి తోస్తోంది, ఆ గాలిని మేమెవరం లెక్కలో వెయ్యలేదు. గడప అంచున ఒక్క క్షణం ఉబ్బి నిలిచి, పలచగా, అద్దం జారినట్టు నేలమీదికి జారాయి. అమ్మ పాదాలు తడిశాయి.

నాన్న గడియారం మీద చెయ్యి మూసేసుకున్నాడు. నేను ఓడను తలుచుకున్నాను, నా స్కూలును తలుచుకున్నాను, కళ్ళెత్తి అమ్మను చూడటానికి ధైర్యం చాల్లేదు.

"ఎన్నింటికన్నారు మీరు?" అంది అమ్మ.

"పదింటికి," అన్నాడు నాన్న నేలచూపులు చూస్తూ.

"ఇప్పుడెంతయింది?"

"పదే."

అమ్మ వంగింది. కాళ్ళ దగ్గర నీళ్ళు దోసిట్లోకి తీసుకుని, తలమీద చల్లుకుంది. మళ్ళీ వంగి నా తలమీద, నాన్న తలమీద చల్లింది. ఆవిడ ఏడుస్తోంది, నవ్వుతోంది కూడా. "ఆ రోజు చెప్పకుండా వచ్చిందండీ. నేను పప్పు రుబ్బుకుంటున్నాను. ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. ఈ రోజు చెప్పిన టైముకి వచ్చింది. చెప్పి వచ్చినదానికి భయమేటి?" అంది. నీళ్ళు ఇంకాసేపు నిలిచి, దారి తెలిసినవాటిలా మెట్లు దిగి వెళ్ళిపోయాయి.

ఆ ఓడ మేం లేకుండానే పోయింది. జంగ్లీఘాట్ ఇంట్లో మరి కొన్నేళ్ళు, గడప ఎత్తు చేయించుకుని కాపురమున్నాం. తరవాతే లంబాలైన్. ఇప్పుడు నా ఫోనుని అడిగితే ఏ తీరంలోనైనా ఏ రోజు పోటైనా కన్నుమూసి తెరిచేలోగా చెబుతుంది. గాలి కూడా లెక్కలో వేసుకుని, బెత్తెడు తప్పు కూడా లేకుండా చెబుతుంది. సముద్రం అడుగున నేల కదిలితే కబురందించే యంత్రాలూ వచ్చాయి, వాటికి నేను రోజూ మనసులో దండం పెడతాను. ఈ రోజులే మంచివి, అందులో నాకు సందేహం లేదు. అయినా మా స్కూలు పిల్లలు ఫోను చూసి పోటెప్పుడో చదివేసి జేబులో వేసుకుంటుంటే, ఒక జవాబు కోసం డిస్కు కడిగి, బస్సులెక్కి, గొట్టం మోసి, ఇల్లంతా ఊపిరి బిగబట్టి నిలబడిన సంబరం వీళ్ళకెలా చెప్పనా అనిపిస్తుంది. జవాబు తప్పినా ఆ సంబరం తప్పలేదు.

ఆ పూట జనం వెళ్ళిపోయాక నాన్న మోకాళ్ళమీద కూర్చుని గుడ్డతో నేల తుడుస్తున్నాడు. ఓడిపోయానో గెలిచానో ఆయనకింకా అర్థం కాలేదు. అమ్మ వంటింట్లోకి, ఆ ఆదివారం తరవాత మొదటిసారి, ఒక్కతే వెళ్ళింది. లోపల్నుంచి గిన్నెల చప్పుడు వినిపించింది. కాసేపటికి తల బయటికి పెట్టి, "ఏవండీ, మళ్ళీ ఎప్పుడొస్తుందో అడిగి చెప్పండి. ఆ పూటకి బియ్యం డబ్బా మంచం మీద పెట్టుకుంటాను," అంది.